డిసెంబర్ నాలుగు మాహాత్మ్యం

పత్రికలో అన్నిటికంటే సులువుగా నిండే జాగా 'చరిత్రలో ఈ రోజు' అనే పెట్టె. రాశిఫలాలు రాసేవాడైనా పన్నెండు రాశులకీ పన్నెండు రకాలుగా ఆలోచించాలి. మేషానికి ఇచ్చిన ధనలాభమే వృషభానికీ ఇస్తే పాఠకుడు పట్టేస్తాడు. ఈ పెట్టెకి ఆ బాధ లేదు. పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, కాలిపోయినవి, విడిపోయినవి... అన్నిటికీ తారీఖు ఒకటైతే చాలు, పెళ్లిలో బంతి వేసినట్టు వరసగా కూర్చోబెట్టేయవచ్చు. పక్కవాడెవడో ఎవడికీ తెలియకపోయినా విస్తరి అందరికీ పడుతుంది.

అంతమాత్రాన దాన్ని చులకన చేయకూడదు. వ్రతానికి ఒక విధానం ఉన్నట్టే తారీఖు రాతకీ ఒక విధానం ఉంది. ప్రసాదం తీసుకోకుండా రేవుకి పరుగెత్తినవాళ్ల పడవ మునిగినట్టు, ఈ విధానం తెలియకుండా పెట్టె కట్టినవాళ్ల పరువు మునుగుతుంది. పాపులర్ సంగీతం శాఖలో డిసెంబర్ 4ని నమూనాగా తీసుకుని ఆ విధానాన్ని కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకి అందించడమే ఇక్కడి ఉద్దేశం. ఈ తారీఖే ఎందుకంటే ఇందులో సరుకు పుష్కలం. ఏ వంటవాడూ చెడగొట్టలేడనిపించేంత పుష్కలం. అయినా ఏటా చెడగొడుతూనే ఉన్నారు, అది వేరే ప్రతిభ.

ముందు కొలతలు. జననాలు మూడు, మరణాలు రెండు, నంబర్ వన్ పాట ఒకటి, అగ్నిప్రమాదమో విమానప్రమాదమో ఒకటి, బృందం విడిపోవడం ఒకటి, మధ్యలో ఫోటో వేయడానికి పనికొచ్చే పెద్ద ఘట్టం ఒకటి. అన్నీ కలిపి నూటయాభై మాటలు దాటకూడదు. దాటితే కిందున్న వాస్తు ప్రకటన పక్క పేజీకి జరుగుతుంది, ఆ నష్టం చరిత్ర భరించలేదు.

ఇప్పుడు గోదాములోకి వెళ్దాం. 1922లో ఘంటసాల జననం. 1944లో ఒకే రోజు ఇద్దరు: బీచ్ బాయ్స్ డ్రమ్మర్ డెనిస్ విల్సన్, బర్డ్స్ బృందంలో బేస్ గిటార్ వాయించిన క్రిస్ హిల్‌మన్. 1956లో మెంఫిస్ నగరంలో ఎల్విస్ ప్రెస్లీ, మరో ముగ్గురూ ఒకే గదిలో. 1965లో బర్డ్స్ పాట అమెరికాలో నంబర్ వన్. 1969లో ర్యాప్ గాయకుడు జే-జీ జననం. 1971లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రో కసీనో దహనం. 1976లో డీప్ పర్పుల్ అనే రాక్ బృందం గిటారిస్టు టామీ బోలిన్ మరణం. 1980లో ఇంకో రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ ముగింపు ప్రకటన. 1993లో అమెరికా రాక్ గిటారిస్టు ఫ్రాంక్ జప్పా మరణం. కొలతకు మించి సరుకు. 1976లో అదే రోజు ఇంగ్లండ్‌లో బెంజమిన్ బ్రిటెన్ కూడా కన్నుమూశాడు గానీ ఆయన సింఫనీల వాడు, ఈ పెట్టెలోకి రానివ్వకూడదు. మరణానికి కులం లేకపోవచ్చు, పేజీ మాత్రం ఉంది.

పెద్ద ఘట్టంతో మొదలుపెడదాం. 1956 డిసెంబర్ 4, మంగళవారం. మెంఫిస్‌లో 706 యూనియన్ అవెన్యూ, శామ్ ఫిలిప్స్ నడిపే సన్ స్టూడియో. ఏటా పెట్టెలో పడే వాక్యం ఇది: 'ఈ రోజున నలుగురు దిగ్గజాలు కలిసి రికార్డు చేశారు.' ఏడు మాటల వాక్యంలో తప్పులు మూడు. ఇంత గాఢత కలిగిన వాక్యం మన ప్రభుత్వ ఉత్తర్వుల్లో కూడా అరుదు.

'నలుగురు దిగ్గజాలు' అన్నది మొదటి తప్పు. ఆ మధ్యాహ్నం స్టూడియో బుక్ చేసుకున్నది కార్ల్ పెర్కిన్స్ ఒక్కడే. అన్నదమ్ములు జే, క్లేటన్, డ్రమ్స్ మీద డబ్ల్యూ.ఎస్. హాలండ్‌తో సొంత పాటలు రికార్డు చేసుకోవడానికి వచ్చాడు. పియానో మీద ఫిలిప్స్ ఒక కొత్త కుర్రాణ్ణి కూర్చోబెట్టాడు. పదిహేను డాలర్ల కూలీకి వచ్చాడంటారు. ఆ కుర్రాడు జెర్రీ లీ లూయిస్. మెంఫిస్ దాటితే అప్పటికి ఎవరికీ తెలియదు. ఎల్విస్ పనిమీద రాలేదు, పాత ఇంటికి పండక్కి వచ్చినట్టు పలకరించి పోదామని వచ్చాడు. ఏడాది కిందటే, 1955 నవంబర్‌లో, ఫిలిప్స్ అతని కాంట్రాక్టుని 35,000 డాలర్లకి ఆర్‌సీఏ కంపెనీకి అమ్మేశాడు. అంటే ఆ గదిలో కాగితం ప్రకారం ఎల్విస్ పరాయి కంపెనీ సొత్తు.

'కలిసి' అన్నది రెండో తప్పు. నాలుగో మనిషి జానీ క్యాష్. అందరికంటే ముందు వచ్చిందీ, చివర వెళ్లిందీ తానేనని క్యాష్ తర్వాత చెప్పుకున్నాడు. టేప్ వింటే మాత్రం ఆయన గొంతు దొరకదు. మైకుకి దూరంగా నిలబడ్డాననీ, ఎల్విస్ శ్రుతికి సరిపోవడానికి అలవాటు కంటే పై స్థాయిలో పాడాననీ ఆయన వివరణ. క్యాష్ అంటే జనానికి తెలిసింది పాతాళంలోంచి వచ్చే మంద్రస్థాయి గొంతు. కాబట్టి సాక్ష్యం ఫోటో ఒక్కటే. పంచాయతీ సమావేశానికి వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టి టీ తాగి వెళ్లిపోయిన సభ్యుడి హాజరు ఎంత గట్టిదో ఇదీ అంతే.

'రికార్డు చేశారు' మూడో తప్పు. ఎవరూ ఏదీ చేయలేదు. కంట్రోల్ గదిలో ఉన్న జాక్ క్లెమెంట్ టేప్ ఆపలేదు, అంతే. నలుగురు కుర్రాళ్లు చర్చిలో చిన్నప్పుడు పాడిన భక్తిగీతాలు ఎత్తుకోవడం, మధ్యలో మరచిపోవడం, నవ్వుకోవడం, క్రిస్మస్ పాట ఒకటి మొదలెట్టి వదిలేయడం... ఆ టేప్ నిండా ఉన్నది ఇదే. అందులో అపురూపమైన ముక్క ఒకటుంది, దాన్ని ఏ పెట్టే వేయదు. లాస్ వెగాస్‌లో బిల్లీ వార్డ్ బృందంలోని ఒక గాయకుడు తన పాటనే తనకంటే బాగా పాడాడని ఎల్విస్ మురిసిపోతూ చెబుతాడు, చెప్పి అతను పాడినట్టు పాడి చూపిస్తాడు. పేరు కూడా తెలియని ఆ గాయకుడు జాకీ విల్సన్. అప్పటికి దేశమంతటినీ ఊపేస్తున్న మనిషే వేరేవాడు తన పాట పాడిన తీరుని అనుకరిస్తున్నాడు. మన టీవీ పాటల పోటీలో ఇలాంటిది జరిగితే ముందు ఆపేది టేప్‌నే.

మరి ఆ కూటమికి పడ్డ 'మిలియన్ డాలర్ క్వార్టెట్' (క్వార్టెట్ అంటే నలుగురి బృందం) అన్న పేరు? అది సంగీతం కాదు, ఫోన్ కాల్. నలుగురూ ఒకచోట చేరారని చూడగానే ఫిలిప్స్‌కి తట్టింది మైకు సర్దడం కాదు, మెంఫిస్ ప్రెస్-సిమిటార్ పత్రికకి ఫోన్ చేయడం. విలేకరి బాబ్ జాన్సన్ ఫోటోగ్రాఫర్‌తో వచ్చాడు. మర్నాటి వార్తతో పేరు పుట్టింది. పియానో దగ్గర ఎల్విస్, చుట్టూ మిగతా ముగ్గురు ఉన్న ఆ ఫోటో అందరూ చూసిందే. అసలు ఫోటోలో పియానో మీద ఎల్విస్ స్నేహితురాలు, నర్తకి మారిలిన్ ఎవాన్స్ కూడా కూర్చుని ఉంటుంది. ఐదుగురుంటే క్వార్టెట్ ఎలా అవుతుంది? కత్తిరించారు. పెట్టె కట్టేవాళ్లు ఈ పాఠం శ్రద్ధగా నేర్చుకోవాలి: శీర్షికకి ఫోటో సరిపోకపోతే మార్చాల్సింది ఫోటోనే.

ఆ టేపు తర్వాత ఏమైంది? ఎల్విస్ గొంతు ఆర్‌సీఏది కాబట్టి ఫిలిప్స్ అమ్మలేడు. అలమరాలోకి వెళ్లింది. ఐరోపాలో తొలి రికార్డుగా బయటికొచ్చేసరికి 1981, అమెరికాలో ఆర్‌సీఏ వేసేసరికి 1990. చరిత్రాత్మకమైన ఆ రోజుని పాతికేళ్ల పాటు వార్త చదివినవాళ్లు ఊహించుకున్నారే గానీ విన్నవాళ్లు లేరు.

అదే మంగళవారం మద్రాసులో ఘంటసాల గారికి ముప్పైనాలుగేళ్లు నిండాయి. పెట్టె నియమం ప్రకారం ఆయనకి ఒక వాక్యం కేటాయింపు. అందులో మూడొంతులు విశేషణాలకే పోతుంది: అమరగాయకుడు, గానగంధర్వుడు, పద్మశ్రీ. 'గానగంధర్వుడు' వాడేముందు ఆ వారంలో బాలు గారికి వాడారేమో చూసుకోవాలి, స్టాకు ఒక్కటే ఉంది. ఆ పైన 'గుడివాడ దగ్గర చౌటపల్లిలో జన్మించారు' అని వేస్తే పెట్టె నిండుతుంది. విజయనగరం సంగీత కళాశాలకీ, గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారికీ, క్విట్ ఇండియా ఉద్యమంలో పడిన జైలు శిక్షకీ జాగా ఉండదు. ఫిబ్రవరి 11న వర్ధంతి ఉంది కాబట్టి అప్పుడు చూసుకోవచ్చని సర్దిచెప్పుకోవాలి. ఫిబ్రవరి 11న డిసెంబర్ 4న వేశాం కదా అని సర్దిచెప్పుకోవాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క. మెంఫిస్‌లో ఆ మంగళవారం పెర్కిన్స్ ఏ పాట రికార్డు చేసుకున్నాడో, ఎవరు ఏం వాయించారో రాసి ఉంది. మరి 1956 డిసెంబర్‌లో ఘంటసాల గారు ఏ రోజు ఏ పాట పాడారు? 'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. సాలూరి రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి తప్పుకున్నాక మిగతా భారం ఘంటసాల మోశారు. అంత వరకూ అందరికీ తెలుసు. ఆ పాటల్లో ఏది ఏ తారీఖున, ఎన్ని టేకుల్లో, ఎంతమంది వాద్యకారులతో పూర్తయిందో చెప్పమంటే పెట్టెలో శూన్యం. సినిమా విడుదల తేదీ దొరుకుతుంది, శతదినోత్సవం తేదీ దొరుకుతుంది, ఆ ఉత్సవానికి విచ్చేసిన మంత్రిగారి పేరు కూడా దొరుకుతుంది. పాట పాడిన రోజు దొరకడమే అరుదు. మనకి కళాకారుడు పుడతాడు, పోతాడు. మధ్యలో పనికి వెళ్లాడన్న దానికి హాజరుపట్టీ లేదు. వాయులీనం వాయించినవాళ్ల పేర్లు అడిగితే 'బృందం' అంటాం. ఆ బృందం పుట్టలేదు, పోలేదు, అందుకని పెట్టెలోకి రాదు.

అయినా ఘంటసాల గారికి మన తారీఖుల అవసరం పెద్దగా లేదు. ఆయన పాడిన భగవద్గీత ఆయన పోయాక బయటికొచ్చింది. ఇప్పుడు తెలుగు ఊళ్లలో ఏ వీధిలో షామియానా కింద అది వినిపించినా జనం అడిగేది ఒకటే: 'ఎవరు పోయారు?' పొద్దున్నే పుణ్యం కదా అని ఇంట్లో పెట్టుకుంటే పక్కింటివాళ్లు కంగారుగా తలుపు కొడతారు. ఆధ్యాత్మిక ప్రచారం కోసం పాడిన శ్లోకాలు మరణ ప్రకటనగా స్థిరపడ్డాయి. ఒక గాయకుడి గొంతుకి ప్రతి రోజూ ఏదో ఒక ఇంట్లో వర్ధంతి కట్టబెట్టిన జాతి ఇంకోటి ఉంటే చూపించండి.

ఇక అగ్నిప్రమాదం. ఈ విభాగంలో డిసెంబర్ 4ని కొట్టే తారీఖు లేదు.

1971 డిసెంబర్ 4, జెనీవా సరస్సు ఒడ్డున మాంట్రో కసీనో. మధ్యాహ్నం కచేరీ. వేదిక మీద ఫ్రాంక్ జప్పా, మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్ బృందం. 'కింగ్ కాంగ్' అనే రచనలో డాన్ ప్రెస్టన్ సింథసైజర్ మీద ఉండగా ప్రేక్షకుల్లో ఒకడు ఫ్లేర్ గన్ పేల్చాడు. ఓడలు ఆపదలో ఆకాశంలోకి వదిలే వెలుగు తుపాకి అది. ఆరుబయట వాడాల్సిన సామాను. కసీనో పైకప్పుకి లోపల బెత్తం అల్లిక. తాటాకు పందిరి కింద తారాజువ్వ వెలిగిస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకి వివరించనక్కర్లేదు. మాంట్రో జాజ్ ఉత్సవం నడిపే క్లోద్ నోబ్స్ పిల్లల్ని బయటికి లాగుతూ తిరిగాడు. ప్రాణనష్టం లేదు. భవనం పోయింది, జప్పా వాద్యాలన్నీ పోయాయి. ఆరో రోజున, డిసెంబర్ 10న, లండన్ రెయిన్‌బో థియేటర్లో ఒక ప్రేక్షకుడు జప్పాని వేదిక మీంచి కింద వాద్యకారుల గోతిలోకి తోసేశాడు. ఎముకలు విరిగి చాలాకాలం చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఏలినాటి శని ఏడున్నరేళ్లు పట్టిస్తుందంటారు, ఆయనకి వారంలోనే తెమిల్చింది.

పెట్టెలో పడే వాక్యం: 'ఈ రోజున డీప్ పర్పుల్ సుప్రసిద్ధ పాట "స్మోక్ ఆన్ ద వాటర్" పుట్టింది.' పుట్టలేదు. ఆ రోజు పుట్టింది పొగే. డీప్ పర్పుల్ వాళ్లు ఆ కసీనోలోనే ఆల్బమ్ రికార్డు చేసుకుందామని ఊరికి వచ్చారు. రోలింగ్ స్టోన్స్ వాళ్ల రికార్డింగ్ లారీని అద్దెకి తెచ్చుకున్నారు. కసీనో కాలిపోయాక వాళ్ల పని సరిగ్గా మన పెళ్లివారి పనే: మండపం రద్దయింది, వంటవాళ్లు వచ్చేశారు, ముహూర్తం దాటిపోతోంది. మొదట పెవిలియన్ అనే హాలు దొరికింది. అక్కడ ఒక బాణీ వాయిస్తుండగా ఆ మోతకి చుట్టుపక్కలవాళ్లు పోలీసుల్ని పిలిచారు. టేకు పూర్తయ్యేదాకా సహాయకులు తలుపు పట్టుకుని నిలబడ్డారని బృందం వాళ్లే చెప్పుకునేవాళ్లు. ఆ తర్వాత చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్ చేరారు. వరండాలో పరుపులు అడ్డుపెట్టి వాద్యాలు పెట్టారు, లారీ బయట. వాయించింది వినాలంటే గదులు దాటి, బాల్కనీలు దాటి లారీ దాకా వెళ్లి రావాలి. ఆ నడక పడలేక వినడం మానేశారు. ఆల్బమ్ నిడివికి కొంచెం తక్కువ పడింది. అప్పుడు పెవిలియన్‌లో పోలీసుల మధ్య తీసిన బాణీ గుర్తొచ్చింది. దానికి మాటలు కావాలి, ఊళ్లో చూసిన ప్రమాదం తప్ప వేరే కథ లేదు. బేస్ వాయించే రోజర్ గ్లోవర్‌కి నీటి మీద పొగ అన్న పేరు అంతకుముందే తట్టి ఉంది. 1972 మార్చిలో ఆల్బమ్, అమెరికాలో సింగిల్‌గా 1973లో. కాబట్టి ఆ పాటకి పుట్టినరోజు ఒకటి కాదు. ప్రమాదం ఒక రోజు, బాణీ ఒక రోజు, మాట ఒక రోజు, విడుదల ఇంకో రోజు. జాతకం వేయించాలంటే నాలుగు చక్రాలు గీయాలి.

ఆ బాణీని గిటార్ కొన్న ప్రతి కుర్రాడూ మొదటి వారంలోనే నాశనం చేస్తాడు కాబట్టి సవరణ కూడా చెప్పేయడం ధర్మం. నాలుగో తీగ, మూడో తీగ కలిపి, రెంటి మీదా ఒకే మెట్టు (0 అంటే వట్టి తీగ): 0-3-5, 0-3-6-5, 0-3-5, 3-0. మన లెక్కలో స గ మ, స గ మ మ, స గ మ, గ స. గాంధారం సాధారణం. రెండో వరసలో ముందు ప్రతిమధ్యమం, వెంటనే శుద్ధమధ్యమం. ఒకే ఊపులో రెండు మధ్యమాలు. ఆ ప్రతిమధ్యమం తప్పితే పాట జావగారిపోతుంది. రెండో తప్పు, షడ్జమం కింద పెట్టి పంచమాన్ని పైన వేయడం. అసలు బాణీలో పంచమం కింద, షడ్జమం పైన. మూడో తప్పు ప్లెక్ట్రమ్‌తో, అంటే తీగ మీటే బిళ్లతో, గీకడం. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ రెండు తీగల్నీ వేళ్లతో ఒకేసారి లాగుతాడు, అందుకే ఆ రెండు స్వరాలూ ఒక్కసారే తెగిపడతాయి. ఇంతా చేసి అపార్ట్‌మెంట్లో వాయిస్తే పోలీసులు రావడం సంప్రదాయంలో భాగమే.

అన్నట్టు, అదే 1971 డిసెంబర్ 4 రాత్రి మన నౌకాదళం క్షిపణి పడవలు కరాచీ రేవు మీద దాడి చేశాయి. అందుకే డిసెంబర్ 4 నౌకాదళ దినోత్సవం. విశాఖ తీరంలో ఆ సాయంత్రం విన్యాసాలూ బ్యాండూ ఉండేవి అందుకే. ఆ ముందు రాత్రి అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది కూడా విశాఖ దగ్గరే. పెట్టె కట్టేవాడికి ఇక్కడ చేతులు దురద పెడతాయి: ఒకే రోజు రెండు ఖండాల్లో నీటి మీద పొగ! రాయకండి. ఒకచోట ఒక తుంటరి వెధవ, ఇంకోచోట యుద్ధం, ఓడలతో పాటు పోయిన మనుషులు. ఒకే తారీఖు గడిలో పడడానికి ఈ రెంటికీ ఉన్న హక్కు ఎంతో, ఒకే వాక్యంలో పడడానికి అంత లేదు. ఆ వాక్యం రాసినవాడికి వాట్సాప్‌లో మాత్రం బ్రహ్మరథం పడతారు, అది ముందే ఒప్పుకోవాలి.

జ్యోతిష శాఖ సరుకు విడిగా చూద్దాం, పాఠకులు ఎక్కువగా అడిగేది అదే. 1971 డిసెంబర్ 4 శనివారం. జప్పా పోయిన 1993 డిసెంబర్ 4 కూడా శనివారం. టామీ బోలిన్ పోయిన 1976 డిసెంబర్ 4? శనివారమే. ఆ బోలిన్ ఎవరు? కసీనో మంటల పాటకి గిటార్ కట్టిన బ్లాక్‌మోర్ 1975లో బృందం వదిలితే ఆ కుర్చీలో కూర్చున్నవాడు. మాంట్రో మంటలకి సరిగ్గా ఐదేళ్లకి, పాతికేళ్ల వయసులో, మయామీలో. ఇంకా ఉంది: మంటకీ జప్పా మరణానికీ మధ్య 22 ఏళ్లు. రెండూ రెండూ కలిపితే నాలుగు, తారీఖు నాలుగు, న్యూమరాలజీలో నాలుగు రాహువుది. జే-జీ పుట్టింది 4న, భార్య బియాన్సే పుట్టింది సెప్టెంబర్ 4న, పెళ్లి 2008 ఏప్రిల్ 4న. 2003లో జే-జీ ఈ తారీఖునే పాట పేరుగా పెట్టుకున్నాడు. అందులో వాళ్లమ్మ వచ్చి, పుట్టినప్పుడు పిల్లాడి బరువు పది పౌన్ల ఎనిమిది ఔన్సులని చెబుతుంది, అంటే మన లెక్కలో నాలుగు కిలోల ముప్పావు. అక్కడా నాలుగే. ఘంటసాల గారి 1922ని కూడితే మాత్రం అయిదు వస్తుంది. రానిది పక్కన పెట్టాలి. న్యూమరాలజీ మొదటి సూత్రం అదే, రెండోది లేదు.

శనివారాల రహస్యం అడిగేవాళ్లకి సమాధానం చప్పగా ఉంటుంది. తారీఖు పడే వారం ఏటా ఒక రోజు ముందుకు జరుగుతుంది, లీపు సంవత్సరం రెండు రోజులు జరుగుతుంది. అందుకని ఐదారేళ్లకో పదకొండేళ్లకో మళ్లీ అదే వారం వస్తుంది. పైగా కచేరీలు శనివారం పెట్టుకోవడం శని ప్రభావం కాదు, ఆదివారం సెలవు ప్రభావం.

నంబర్ వన్ పాటది ఇంకో మోసం. 1965 డిసెంబర్ 4న బర్డ్స్ పాట 'టర్న్! టర్న్! టర్న్!' అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి వచ్చింది. ఆ రోజే క్రిస్ హిల్‌మన్‌కి ఇరవై ఒకటి నిండింది. చూడముచ్చటైన జోడీ. చిక్కేమిటంటే ఆ రోజున అక్కడ ఏమీ జరగలేదు. జాబితా మీద వేసేది రాబోయే శనివారం తారీఖు. పత్రిక అంతకు ముందే అచ్చయి అంగళ్లకి చేరుతుంది. దుకాణాల అమ్మకాలూ, రేడియోలో వేసిన లెక్కలూ ఇంకా ముందటి రోజులవి. మన వారపత్రికలు సంక్రాంతి సంచికని ధనుర్మాసం మధ్యలోనే చేతికివ్వడం లాంటిదే. ప్రతిదానికీ ఒక సమయముందని చెప్పే బైబిల్ మాటలకి జానపద గాయకుడు పీట్ సీగర్ బాణీ కట్టిన పాట అది. ఆ పాటకి కూడా అసలు సమయం మనం చెప్పలేకపోతున్నాం. డెనిస్ విల్సన్ సంగతి ఒక్క ముక్కలో: సముద్రపు అలల పాటలతో బతికిన బీచ్ బాయ్స్‌లో నిజంగా అలల మీద ఆడింది ఆయనొక్కడే, 1983లో మునిగి పోయిందీ ఆయనే. పెట్టెకి ఇది బంగారం, కానీ మునిగింది డిసెంబర్ 28న. అక్కడికి దాచుకోండి.

లెడ్ జెప్పెలిన్ ప్రకటన 1980ది. డ్రమ్మర్ జాన్ బోనమ్ సెప్టెంబర్ 25న పోయాక మిగిలినవాళ్లు ఇచ్చిన నాలుగు ముక్కల కాగితం. ఇప్పటిలా కొనసాగలేమన్నారే గానీ 'విడిపోతున్నాం' అని తెగేసి చెప్పలేదు. మన పార్టీ నాయకులు రాజీనామా లేఖలో వాడే శైలి. పెట్టెలో దాన్ని విడిపోవడంగా వేయడం ఆచారం, వేసేయండి. బోనమ్ తేదీని గుర్తుపెట్టుకుని సెప్టెంబర్ 25న ఆయన కోసం వాక్యం రాద్దామనుకుంటే మాత్రం తెలుగు పత్రికలో జాగా దొరకదు. 2020 నుంచి ఆ రోజు మొత్తం బాలు గారిది.

చివరిగా రెండు గుంటలు, కొత్తవాళ్లు తప్పకుండా పడేవి. అమెరికావాళ్లు నెల ముందు రాస్తారు. కాబట్టి వాళ్ల కాగితంలో 4/12/54 కనిపిస్తే అది డిసెంబర్ నాలుగు కాదు, ఏప్రిల్ పన్నెండు. రాక్ గాయకుడు బిల్ హేలీ న్యూయార్క్ పైథియన్ టెంపుల్‌లో తన గడియారం పాట 'రాక్ అరౌండ్ ద క్లాక్' రికార్డు చేసిన రోజు సరిగ్గా అది. ముందు వేరే పాటకే సమయమంతా తినేసి దీనికి రెండు టేకులు మాత్రం మిగిల్చారు. అలాంటి పాటని మన పెట్టెలోకి లాక్కొచ్చి ఎనిమిది నెలలు ఆలస్యం చేయడం దారుణం.

రెండోది మన గడియారం. జప్పా లాస్ ఏంజిలెస్‌లో శనివారం సాయంత్రం ఆరుకి కాస్త ముందు పోయాడని కుటుంబం చెప్పింది. అప్పుడు హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్న ఏడున్నర కావస్తోంది. డిసెంబర్ 5. మెంఫిస్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే ఇక్కడ తారీఖు మారిపోతుంది. అంటే ఆ నలుగురూ పాటలు ఎత్తుకునేసరికి మనకి 1956 డిసెంబర్ 5 వచ్చేసింది. కాబట్టి డిసెంబర్ 5 పెట్టెకి సరుకు లేదని ఎవరూ బెంగపడనక్కర్లేదు. నిన్నటి పెట్టెలోంచి ఎల్విస్‌నీ జప్పానీ తీసి, 'భారత కాలమానం ప్రకారం' అన్న మూడు మాటలు చేర్చి, అదే ఫోటో వేసేయండి. పియానో మీద ఎవరైనా కూర్చుని ఉన్నారేమో మాత్రం ఒకసారి చూసుకోండి.